తాండ్రకు చాప చాలదా?

ఎండబెట్టే యంత్రాన్ని నేను నిందించను. మబ్బు పట్టిన రోజుల్లో మామిడి గుజ్జు బూజు పట్టకుండా కాపాడేది అదే. నా ఆక్షేపణ దాని తోకలపైన.

గాలి ఆడడానికి యంత్రపు పళ్ళేలకు చిల్లులుంటాయి. ముక్కలకవి చాలు, తాండ్ర పోస్తే కారిపోతుంది. వేరే పలక కొనుక్కోవాలట! వెల విని నేను వెనుదీస్తే, "ఇంట్లో చేసినవి పనికిరావు మాస్టారూ" అన్నాడు టెక్కలిలో ఒక వర్తకుడు.

ఎందుకు పనికిరావు? ఆత్రేయపురంలోనూ, భీమాలిలోనూ తాండ్ర పుట్టింది చాపల మీదనే కదా! పొర ఆరిన పిదపనే మరో పొర పోయాలన్న శాస్త్రం ఆ చేతులదే. పలాసలో జీడిపప్పు పొట్టు ఊడడానికి వేడిగాలిలో ఆరబెట్టడం నిత్యకృత్యం. అటువంటి సీమవారికా ఈ పాఠం?

పళ్ళెం కొలతకు తాటాకు చాప కత్తిరించి, అంచు కుట్టి, నెయ్యి రాశాను. గాలి తిరగడానికి చుట్టూ అంగుళం ఖాళీ వదిలాను. చిక్కని గుజ్జు పలుచగా పరిచాను. తాండ్ర చక్కగా ఊడివచ్చింది. అయితే చేతిపని పేరిట ప్లాస్టిక్ దోమతెరలూ, రంగు పూసిన రేకులూ వాడేవారిని సమర్థించను. అవి వేడికీ, తిండికీ తగవు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను కూల్చింది. కరెంటు లేని ఆ రోజుల్లో యంత్రమూ, కొన్న పలకా ఒక్కటే. చాప మాత్రం ఎండ రాగానే పనికొచ్చింది.

యంత్రం కొనండి. చాప అల్లే విద్యను పాతచాదస్తమని మాత్రం పారవేయకండి. నా వాదంలో దోషముంటే దిద్దండి, స్వీకరిస్తాను.