విన్నమాట, కొలిచినమాట

మెదకు పట్టణమునకు వచ్చు యాత్రికుని కంటికి మొదట కనబడునది చర్చి గోపురము. 175 అడుగుల ఎత్తైన ఆ గోపురము చాల దూరమునకే గోచరించును. బస్సున వచ్చువారును, 2022వ సంవత్సరమున అక్కన్నపేట నుండి వేసిన రైలుమార్గమున వచ్చువారును ఆవరణమున అడుగిడగనే ఫోను తీసి ఒక ఛాయాచిత్రము తీసికొందురు. దాని క్రింద ఒక వాక్యము చేర్చి బంధుమిత్రులకు పంపుదురు. 'ఆసియా ఖండమున కెల్ల పెద్ద చర్చి ఇదియే' అని కొందరు వ్రాయుదురు. 'వాటికన్ తరువాత ప్రపంచమున రెండవది' అని మరికొందరు. కరవునాడు ఇచ్చట మెతుకులు పెట్టినందున ఊరికి ఈ పేరు వచ్చినదని చెప్పువారును కలరు.

ఈ మాటలను ఒక్కొక్కదానిని నిలిపి చూతము. మెదకు చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోవాలోని సే కెథెడ్రల్ పొడవు సుమారు 250 అడుగులు. గోవాయు ఆసియా ఖండములోనిదే కదా! రెండంకెలు ప్రక్కప్రక్కన వ్రాసినంతనే మొదటి మాట తేలిపోయినది. రెండవ మాట అసలు కట్టడమును గూర్చినదే కాదేమో. మెదకు డయోసిస్, అనగా ఒక బిషప్పు పాలనలోని చర్చిల మండలము, మిక్కిలి విస్తారమైనదను వాడుక యొకటి కలదు. చేతులు మారుచుండగా మండలము జారిపోయి మందిరము మిగిలినట్లు తోచును. ఇక ఊరిపేరు. చర్చి నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అంతకు మునుపే అచ్చయిన ఇంపీరియల్ గెజెటీరులో మెదకు జిల్లాకు ఒక ప్రకరణము కలదు. కాకతీయుల నాటి కొండకోటకు మెతుకు దుర్గమని పేరు. పేరు ముందు పుట్టినది. చర్చి పిదప వచ్చినది.

ఇట్లు చెప్పుటవలన చర్చి గొప్పతనము తగ్గునా? లేశమైనను తగ్గదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతాచార్యుడు కరవున అలమటించు పేదలకు పని కల్పించి, ఆ పనికి కూలి యిచ్చి ఈ కట్టడమును లేపించెను. ఈ నిజము చేతిలో నుండగా, లేని బిరుదును తగిలించి సంతోషించువారి అభిరుచిని ఏమనవలెనో!

చర్చి పొడవు తప్పుగా చెప్పినంత మాత్రమున ఎవరికేమి నష్టమని కొందరడుగుదురు. ఆ మాటవరకు నిజమే. కాని చూడక, కొలవక పంపుటకు అలవాటుపడిన చేయి చర్చియొద్దనే ఆగదు.

దోషమంతయు ఫోనుదేయని పెద్దలు నిందించుట కద్దు. అది న్యాయము కాదు. 1995 సెప్టెంబరు 21న, జనసామాన్యము చేతికి ఇంకను ఫోనులు రాని కాలమున, వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవను వార్త ఒక్క దినములో దేశమంతయు వ్యాపించి విదేశములకును చేరినది. తలతన్యత వలన చెంచాలోని పాలు రాతిమీదికి లాగబడి, పలుచని పొరగా క్రిందికి జారుచున్నవని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపిరి. వారు చూపులోపల ఎన్ని బిందెల పాలు నేలపాలైనవో!

పూర్వము వార్త మెల్లగా నడిచెడిది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన గోలకొండ పత్రిక మొదట వారమునకు రెండుసార్లే వెలువడెడిది. మెల్లగా వచ్చినదెల్ల నిజమని కాదు. ఆనాటి పత్రికలయందును పుకార్లు అచ్చయినవి. అయినను అచ్చయిన మాటకు ఒక సంపాదకుడు, ఒక చిరునామా ఉండెడివి. నిలదీయ దలచినవాడు జాబు వ్రాయవచ్చును. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసినపుడు ప్రతాపరెడ్డిగారు కోపించి ఊరకుండలేదు. ఊరూరినుండి కవుల పద్యములు తెప్పించిరి, లెక్క పెట్టిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కలరు. ఆ అంకెకు బదులు చెప్పుట ఎవరి తరము?

నేడు ఫోనున వచ్చు మాటకు తల్లిదండ్రులు కానరారు. పంపినవాడు 'నాకెవరో పంపిరి' అనును. 2018వ సంవత్సరమున పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలుగు రాష్ట్రములందును, దేశమున ఇతరత్రను సందేశములు ప్రాకెను. వానితో ఒక చలనచిత్రపు ముక్కయు తిరిగెను. అందు ఇద్దరు మోటారుసైకిలుపై వచ్చి వీధిలోని బాలుని ఎత్తుకొనిపోవుదురు. నిజమునకు అది పిల్లల భద్రతను గూర్చి పెద్దలను హెచ్చరించుటకు కరాచీలో తీసిన చిత్రము. చివర వారు బాలుని తిరిగి దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించిరి.

ఆ యేడు జూలైలో కొందరు మిత్రులు హైదరాబాదునుండి బీదరు జిల్లాకు విహారమునకు పోయిరి. అది పూర్వపు మెదకు జిల్లాకు పొరుగుననే యున్నది. దారిలో ఒక గ్రామమున బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరి. ఊరివారికి అనుమానము పుట్టినది. మిత్రులు కారెక్కి బయలుదేరిరి. కాని కారుకంటె ముందే సందేశము ముర్కి గ్రామమునకు చేరినది. అచ్చట దారికి అడ్డు పెట్టిరి. గుంపు చేతిలో ఒక యువకుడు, సాఫ్ట్‌వేరు ఇంజనీరు, ప్రాణము కోలుపోయెను. ఇట్టి సందేశములను పంపువారిలో దుర్మార్గులు కొందరే. తక్కినవారు తమ బిడ్డలకేమి కీడు మూడునో యను భయమున పంపుదురు. పాలకులు చేయు చట్టములకు అందనిది ఈ భయమే.

ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకసారికి ఐదుచోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది. ఐదు చిన్న అంకెయే. ఒక్కొక్కచోట ఒక్కడే యున్నాడనుకొన్నను, ఐదుగురు ఐదేసిమందికి, వారు మరల ఐదేసిమందికి పంపుకొనుచు పోయినచో ఏడవ మెట్టున 78,125 మందికి చేరును. 2011 జనాభా లెక్కలలో మెదకు పట్టణపు జనులు సుమారు 44 వేలు!

జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు 2018లో మరియొక త్రోవ తొక్కిరి. పోలీసులను గ్రామములకు పంపి, ఇంటింట మాట్లాడించి, డప్పు వాయించి పాటలు పాడించి పుకార్లు నమ్మవద్దని చెప్పించిరి. గ్రామస్థులు తమ వాట్సాప్ బృందములలో పోలీసులను చేర్చుకొనిరి. పని మెల్లగానే సాగినది. అయినను ఆ పల్లెలలో పుకారునకు ఎవరును బలికాలేదు.

మెదకు చర్చి ఆవరణమున మరియొక మాటయు తిరుగుచుండును: గోపురము చార్మినారుకంటె ఎత్తైనదట. చార్మినారు ఎత్తు 160 అడుగులని కొన్ని పుస్తకములు, 184 అడుగులని కొన్ని చెప్పుచున్నవి. ఎచ్చటినుండి ఎచ్చటికి కొలిచిరో ఎవరును వ్రాయరు. ఎండ కాయు దినమున ఒక కర్రను నిలువుగ పాతి, దాని నీడను, గోపురపు నీడను ఒకే వేళ టేపుతో కొలిచినచో, ఇక మిగులు లెక్క ఎనిమిదవ తరగతివారికి కష్టము కాదు. చార్మినారు నీడకొరకు మాత్రము హైదరాబాదు రైలెక్కవలెను.