ఇంటనుండు దాది జీతము



అమెరికాలో కాపురముండు కొమార్తెలుగల తల్లులు మాకు వ్రాయు జాబులలో ఈ నడుమ నొకే ప్రశ్న పలుమాఱు కనబడుచున్నది. పురిటికి వెళ్లిన తల్లి ఆఱు నెలల గడువు తీఱగానే తిరిగివచ్చును. పిదప అత్తగారు వెళ్లుదురు. ఆ గడువును తీఱును. అంతట ఉద్యోగమునకు పోవలసిన పిల్ల, బిడ్డను చూచుటకు ఇంటనే బసచేయు దాదిని కుదుర్చుకొనును. అచ్చటివారు ఆమెను నానీ యందురు. తిండి మనదే, గది మనదే, ఇంటిమనిషివలెనే చూచుచున్నాము గదా. వారమునకింత యని చేతికిచ్చిన చాలదా? లెక్కలును పన్నులును ఎందులకు? ఇదియే ప్రశ్న. చాలదని మా యభిప్రాయము.

ముందు జీతము మాట. ఆ దేశమున కనీస వేతనమును విధించిన 1938 నాటి చట్టము ఇంటిపనివారిని చాలవఱకు వెలుపలనే నిలిపినది; 1974లో గాని లోనికి రానీయలేదు. అప్పటికిని, యజమాని యింటనే నివసించువారికి అధికకాలపు పనికి ఒకటిన్నర రెట్లు కూలి యియ్యవలెనను నియమమును వర్తింపజేయలేదు. కొన్ని రాష్ట్రములు ఆ లోపమును తమ చట్టములచే పూరించుకొన్నవి. న్యూయార్కు రాష్ట్రము 2010లో చేసిన చట్టము ప్రకారము, ఇంటనుండు దాదికి వారమున 44 గంటలు మించిన పనికి ఒకటిన్నర రెట్లును, ఏడు దినములలో నొకదినము విశ్రాంతియు, ఏడాది పనిచేసిన పిదప జీతముతో మూడుదినముల సెలవును ఈయవలయును.

లెక్కవేసి చూతము. న్యూయార్కు నగరమున 2025లో కనీస వేతనము గంటకు 16 డాలర్ల 50 సెంట్లు. దాది వారమునకు 60 గంటలు పనిచేసినచో, 44 గంటలకు 726 డాలర్లు; మిగిలిన 16 గంటలకు 24 డాలర్ల 75 సెంట్ల చొప్పున 396; వెరసి 1,122 డాలర్లు. భోజనవసతులు పోను 600 అని కుదుర్చుకొన్న గృహిణి వారమునకు 522, ఏడాదికి 27,144 డాలర్లు తక్కువ యిచ్చుచున్నది. తిండికిని గదికిని విరుగగొట్టుకొనుటకు చట్టమిచ్చు అనుమతి స్వల్పము. దానితో ఈ గోయి పూడదు. ఆ రాష్ట్రమున దాది ఆఱేండ్ల వెనుకటి బాకీకిని దావా వేయవచ్చును.

తగవంతయు గంటల దగ్గఱనే పుట్టును. పగలు వచ్చి సాయంకాలము పోవునామెకు గడప దాటిన క్షణమున పని ముగియును. ఇంటనుండు నామెకు దాటుటకు గడప యేది? నిద్రాకాలమును పనిగంటలలో చేర్చకుండునట్లు ఉభయులు ముందుగా ఒడంబడిక చేసికొనుటకు సమాఖ్య నియమములు ఒప్పుకొనుచున్నవి. కాని రాత్రి రెండు గంటలవేళ బిడ్డ యేడ్వగా లేచి పాలు పట్టినచో అది పనియే. దానికి కూలి యియ్యవలసినదే. పనిచేసిన గంటలు వ్రాసియుంచు బాధ్యత యజమానిది. ఆ లెక్క పుస్తకము లేనిచోట, న్యాయస్థానమున దాది చెప్పు అంచనాకే బలము చేకూరును.

ఇక ఇంటిమనిషి యను మాట. ఇంగ్లండులోను ఇట్టి వాదమే చాలకాలము చట్టములో నిలిచినది. ఇంట నివసించు పనిమనిషిని కుటుంబములో నొకరుగా చూచినచో కనీస వేతన మియ్యనక్కఱలేదని అచ్చట నొక మినహాయింపు ఉండెడిది. 2024 ఏప్రిల్ 1న దానిని తొలగించిరి. ఆదరము జీతమునకు బదులు కాజాలదు. (మన యిండ్లలోను పాతచీర యిచ్చి పండుగ బహుమానము ఎగవేయువారు లేకపోలేదు; ఆ ముచ్చట మఱియొక మాసమున.)

పన్ను విషయము ఇంతకంటె చిక్కైనది. సోషల్ సెక్యూరిటీ, మెడికేరు అను రెండు పన్నులకై ప్రతి నూఱు డాలర్ల జీతమునకు యజమాని 7 డాలర్ల 65 సెంట్లు, దాది అంతయే చెల్లింపవలయును. 2025వ సంవత్సరమున 2,800 డాలర్లు, అంతకు మించి జీతము పుచ్చుకొన్న దాదికి ఈ నియమము వర్తించును. దాది వంతును జీతములో పట్టుకొననిచో అదియు యజమాని నెత్తినే పడును. ఆమె స్వతంత్రముగా పనిచేయునది యని వ్రాసి తప్పించుకొన జూతురు కొందఱు. ఏ పని ఏ రీతిగా చేయవలెనో చెప్పు అధికారము మనదైనప్పుడు ఆమె మన ఉద్యోగియే.

దీనివలన ఎంతటివారి పరువు పోయినదో ఒక్కటి చెప్పెదము. 1993 జనవరిలో అధ్యక్షుడు క్లింటను అటార్నీ జనరలు పదవికి ప్రతిపాదించిన జోయీ బెయిర్డు అను న్యాయవాదిని, పనిచేయుటకు అనుమతిలేని దంపతులను దాదిగాను కారు నడుపువానిగాను పెట్టుకొని పన్నులు కట్టలేదని తేలగా, ఆ పదవిని వదలుకొనవలసి వచ్చెను. అప్పటికి మూడునెలలలో 50 డాలర్ల జీతమునకే పన్ను కట్టవలసియుండెను. ఈ గొడవ పిమ్మట 1994లో ఆ పరిమితిని ఏడాదికి వేయి డాలర్లుగా మార్చిరి.

దాదియే చేతిసొమ్ము కోరుచున్నదే యని కొందఱు వ్రాసినారు. కోరును, నేడు చేతికి నాలుగు డాలర్లు హెచ్చు వచ్చును గదా. కాని ముసలితనపు పింఛను పొందవలెనన్న 40 జమలు, అనగా సుమారు పదేండ్ల లెక్కలోని పని కావలెను. ఇతరుల బిడ్డల నెత్తుకొని పెంచిన యేండ్లు ఏ పుస్తకమునను ఎక్కక, అఱువదియేండ్లు దాటిన పిదప వట్టిచేతులతో నిలిచిన స్త్రీని తలంచుకొనుడు. పని పోయినప్పుడు ఆమె నిరుద్యోగభృతికి దరఖాస్తు పెట్టినచో, యజమాని పేర పన్నులెందుకు లేవని కచ్చేరివారు విచారణ మొదలుపెట్టుదురు. పెక్కు కుటుంబముల గుట్టు బయటపడు తీరు ఇదియే.

కావున వారమున కొకమాఱు కొమార్తెతో మాటాడు తల్లులు ఈ సంగతులు అడుగుడు: గంటకూలి, నిద్రాకాలము, విశ్రాంతిదినము కాగితముపై నున్నవా? గంటలు ఏరోజు కారోజు వ్రాయుచున్నారా? యజమాని సంఖ్య తీసికొన్నారా? గడచిన యేటి జీతమునకు డబ్ల్యూ-2 పత్రమును జనవరి ముగియులోపల దాదికి అందజేసి, షెడ్యూలు హెచ్‌ను ఏప్రిల్ 15 నాటి ఆదాయపు పన్ను లెక్కతో జతపఱచిరా? అల్లునిగారి నడిగినను తప్పులేదు.