శ్రోత కోరిక పేరు చెప్పి

వేసిన పాటలే వేస్తారేమని ఎఫ్.ఎం. వాళ్ళను అడగండి. "మాదేముందండీ, జనం కోరిందే వేస్తాం" అంటారు. చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట నమ్మి, మన అభిరుచే అంతని సరిపెట్టుకుంటున్నారు. సరిపెట్టుకోనక్కర్లేదు.

జనం కోరిక కనుక్కోవడానికి వాణిజ్య రేడియోలో పేరుపడ్డ పద్ధతి ఒకటుంది. శ్రోతకు ఫోన్ చేసి, పాటలో బాగా పట్టుకునే ముక్కను పది సెకన్లో అంతకన్నా తక్కువో వినిపిస్తారు. ఈ పాట తెలుసా? ఇష్టమేనా? విని విని విసుగెత్తిందా? జవాబులకు మార్కులు వేస్తారు. మార్కులొచ్చిన పాట రోజూ పదేపదే మోగుతుంది, రానిది అటకెక్కుతుంది. ఏ గంటలో ఏ వరసలో ఏ రకం పాట పడాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. జాకీ చేతిలో మిగిలేది కబుర్లే.

ఇంతకీ ఆ పరీక్షకు పాటలను ఏరిందెవరు? శ్రోత కాదు, స్టేషనే. 'తెలుసా' అన్న మొదటి ప్రశ్న దగ్గరే కొత్త గొంతు, జానపదం, సినిమాలో లేని పాట ఓడిపోతాయి. చరణంలో ప్రాణమున్న పాట పది సెకన్లలో చిక్కదు. పైగా ప్రకటనదారుకు కావలసింది స్టేషన్ మార్చని శ్రోత. కాబట్టి నెగ్గేది ఎక్కువమంది ప్రేమించే పాట కాదు, ఎవరూ ఆపేయని పాట.

"అడక్కుండా ఎంచితే ఏమైందో కేస్కర్ కాలంలో చూశాంగా" అని ఎదురు వాదన. చూశాం. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటకు కత్తెర వేస్తే శ్రోతలు రేడియో సిలోన్‌కు వలసపోయారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టి ఆ పాటకు మళ్ళీ పీట వేయాల్సి వచ్చింది. కానీ ఆనాడు ముల్లు తిప్పితే వేరే సంగీతం దొరికింది. ఈనాడు హైదరాబాదులో స్టేషన్ మారిస్తే తరచూ అదే పాట మరో చరణం దగ్గర తగులుతుంది. ఇంకో సంగతి. అదే ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు భక్తిరంజనిని, లలితగీతాలను ఇంటింటికీ చేర్చారు. వినకముందు వాటిని ఎవరు కోరగలరు? విన్నాకే కోరిక పుట్టింది.

ఎంపికలో డబ్బు పాత్ర కూడా ఉంటుంది. డబ్బు పుచ్చుకుని, ఆ సంగతి చెప్పకుండా పాట వేయడం అమెరికాలో 1960 నుంచి నేరం. అయినా 2005లో ఇలాంటి ఆరోపణలపైనే సోనీ బీఎంజీ కోటి డాలర్లు కట్టి న్యూయార్క్ రాష్ట్రంతో రాజీపడింది. చార్టుల్లో పైకెక్కిన ప్రతి పాటనూ జనమే ఎక్కించారనుకోవడం అమాయకత్వం.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఆస్తిని లైసెన్సు మీద వాడుకునేవాళ్ళు కనీసం మూడు పనులు చేయాలి. డబ్బు తీసుకుని వేసే పాటను అలాగని చెప్పాలి. వివిధభారతిలోలా రాసినవారి, స్వరపరిచినవారి, పాడినవారి పేర్లు చదవాలి. రోజుకో గంటైనా పరీక్షల జోలికి పోకుండా, సంగీతం తెలిసిన మనిషి తన పేరు చెప్పి ఎంచిన పాటలు వేయాలి. అవి నచ్చకపోతే ఆ మనిషినే తిడతాం. తమ ఎంపికకు మన పేరు పెట్టడం మాత్రం ఇక మానాలి.