జబ్బ మీది బిళ్ళ

షుగర్ కొలిచే సెన్సర్‌ను డాక్టర్ నా ఎడమ జబ్బ వెనక అతికించిండు. రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దది, 14 రోజులు ఉంటది. మొదటి గంట అంకె చూపదు.

రెండో రాత్రి ఫోన్ మొత్తుకుంది: 58! కోడలు చక్కెర నీళ్ళు తెచ్చింది. నాకు చెమట లేదు, వణుకు లేదు. ఉంటే ముందు తాగాల్సిందే. వేలు గుచ్చి చూస్తే 112. ఆ చేతి మీదనే ఒరిగి పడుకున్న, బిళ్ళ ఒత్తుకుపోయి తక్కువ చూపిందట. మిల్లులో పోగు తెగకుండానే మగ్గం ఆగేది చూడండి, అట్ల.

పొద్దున చాయ్‌తో ఖారీ తింటే 240 దాటింది. జొన్న రొట్టె, పప్పు తింటే 170లోనే ఉంది. అయినా డాక్టర్‌ను అడగకుండా గోలీలు మార్చలేదు. నెలనెలా బిళ్ళ కొనే స్తోమత మనకేది? అందుకే ఏది తింటే ఎంత ఎక్కుతున్నదో మనవరాలితో నోటుబుక్కులో రాయిస్తున్న. దొంగతనంగా తిన్న జిలేబీ కూడా రాసేసింది.