నెమ్మదిగా నడిచేవారే ముందు



ఈ శీర్షికను మేము దంపతులిద్దరం కలిసి రాస్తున్నామన్న సంగతి పాత పాఠకులకు తెలిసినదే. ఈ మాసం ఇతరుల సంసారాల ప్రస్తావన పక్కనబెట్టి, మా సంసారంలోనే జరిగిన ఒక పొరపాటును మీ ముందుంచుతున్నాము. చెప్పుకోవడానికి కొంత సంకోచం లేకపోలేదు. అయినా, ఇలాంటి పొరపాటు మరికొన్ని ఇళ్లలోనూ జరుగుతూ ఉంటుందన్న తలంపే మా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

మాది భువనగిరి. హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్లే దారిలోని ఈ చిన్న పట్టణానికి గుర్తు ఒక్కటే: ఏకశిలగా లేచి నిలిచిన కొండ, దానిమీద పాత కోట. ఎత్తు 500 అడుగులకు పైమాటే. 1076 నుంచి 1126 వరకు ఏలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుమీదనే దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, రాతిని ఎక్కే శిక్షణ పొందినది ఈ కొండమీదనే. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఎక్కిపోయే ఈ కొండను, దాని నీడలో 27 ఏళ్లు కాపురం చేసిన మేము ఒక్కసారైనా కలిసి ఎక్కలేదు.

మాలో ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు. ఆమె ఇంటి పనితోపాటు కుట్టుపని చేస్తుంది. అమ్మాయి అత్తవారింటికి వెళ్లింది. అబ్బాయి ఉద్యోగరీత్యా గల్ఫ్‌లో ఉన్నాడు. పిల్లలున్నంత కాలం ఇంట్లో మాటలకు కొదువ ఉండేది కాదు. వారు వెళ్లాక మా మధ్య మిగిలినవి కరెంటు బిల్లు, కూరగాయలు, బంధువుల పెళ్లిళ్లు. రాత్రి భోజనం ముగిసిందంటే ఎవరి ఫోను వారిదే. తగవులు లేవు కాబట్టి అంతా సవ్యంగానే ఉన్నదనుకున్నాము.

ఇంతలో నిరుడు రక్తపరీక్షలో ఆయనకు మధుమేహం బయటపడింది. ఆమె కూడా అంచునే ఉన్నదని డాక్టరు హెచ్చరించాడు. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగానేనని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. కనుక మా ఇంటికి వచ్చినది వింత వ్యాధి ఏమీ కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మిగిలిన రోజుల్లో కుదిరినంత నడుస్తూ, శని, ఆదివారాలను మాత్రం తప్పక ఆరుబయటే గడపాలని తీర్మానించుకున్నాము.

శనివారం బడి విడిచాక, అస్ర్ నమాజు ముగించుకుని పెద్దచెరువు కట్టమీద గంటసేపు నడక. ఆదివారం ఉదయం కొండ. “ఈ వయసులో షికార్లా?” అన్నవారు లేకపోలేదు. ఆ మాటలు ఆమెను నాలుగు రోజులు గడప దాటనివ్వలేదు. అయిదో రోజున, “షుగరు వస్తే వారొచ్చి మందులు మింగరు కదా” అని తానే బయలుదేరింది.

పొరపాటు మొదటి ఆదివారమే జరిగింది. మెట్లు సగానికి పైగా ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. బురఖా అంచు మాటిమాటికీ కాలికింద పడుతున్నది. చెప్పులు జారుతున్నవి. “మీరు వెళ్లండి, నేను కాసేపు కూర్చుంటాను” అన్నది. ఆయన వెళ్లిపోయాడు. పైకంటా ఎక్కి, ఊరినీ చెరువులనూ ఫోనులో ఫొటోలు తీసుకుని, కిందికి చేయి కూడా ఊపాడు. మెట్టుమీద కూర్చున్న ఆమెను, ఎక్కుతున్న పిల్లలు కొందరు “ఒక్కరే వచ్చారా ఆంటీ?” అని అడిగారు. “లేదు, ఆయన పైన ఉన్నారు” అని జవాబిచ్చింది. మరికాసేపు చూసి, లేచి ఒక్కతే ఇల్లు చేరింది. ఆయన దిగివచ్చేసరికి మెట్టు ఖాళీగా ఉన్నది.

ఆ పూట ఖిచిడీ, ఖట్టా మౌనంగానే తిన్నాము. రాత్రి ఆమె అన్న మాటలు ఇవి: “ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి వంటగది కిటికీలోంచి ఆ కొండనే చూస్తున్నాను. ఒక్కసారైనా ఎక్కాలని ఉండేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ సగం ఎక్కి, ఒక్కదాన్నే దిగివచ్చాను.”

27 ఏళ్లలో ఆయన ఆ మాట వినడం అదే మొదటిసారి.

దైవప్రవక్త (సల్లం) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన ఉదంతం మనందరికీ తెలిసినదే. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత, ఆమె కాస్త ఒళ్లు చేశాక, మరొక ప్రయాణంలో మళ్లీ పందెం వేసి ఆయన గెలిచారు. ఇది ఆనాటి దానికి బదులని ఆమెతో అన్నారు. ఆటపాటలు ధర్మసమ్మతమేనని చెప్పడానికి ఈ ఉదంతాన్ని మేము ఎన్నోసార్లు ఉదహరించాము. అయితే అందులోని ఒక చిన్న సంగతి మా దృష్టికి ఎన్నడూ ఆనలేదు. ఆ పందేనికి ముందు ఆయన తన సహచరులను ముందుకు సాగిపొమ్మన్నారు. లోకాన్ని ముందుకు పంపి, తాను భార్య కోసం వెనుక ఆగారు. మేము చేసినది సరిగ్గా దానికి విరుద్ధం.

మరుసటి వారం ఒక నియమం పెట్టుకున్నాము: నెమ్మదిగా నడిచేవారే ముందు నడవాలి. వెనుక ఉన్నవారు వారిని దాటకూడదు, తొందరపెట్టకూడదు. ఆమె కాలికి అడ్డుపడని కొలతలో బురఖా తానే కుట్టుకున్నది, కాన్వాసు బూట్లు కొనుక్కున్నది. ఎత్తుకు ఎక్కుతూ అల్లాహు అక్బర్ అనీ, దిగుతూ సుబ్‌హానల్లాహ్ అనీ స్మరించడం ప్రవక్త సహచరుల అలవాటు. ఆ రెండు పలుకుల మధ్య మాకు ఎన్నో మాటలు దొరికాయి. అబ్బాయి అప్పు సంగతి, అమ్మాయి ఒంటరితనం, ఆయన పదవీ విరమణ భయం, ఎదురెదురుగా కూర్చుని ఏళ్ల తరబడి పెదవి దాటనివన్నీ పక్కపక్కన నడుస్తుంటే వాటంతట అవే బయటికి వచ్చాయి.

అయిదో ఆదివారం పైకి చేరాము. ఆమె ముందుగా కోటను చూడలేదు. కింది ఇళ్ల కప్పులలో చాలాసేపు వెదికి, మా నీలిరంగు నీళ్ల ట్యాంకును పట్టుకున్నది. “అదిగో, దాని కిందే నా కిటికీ” అన్నది.

ఇప్పుడు ఆయన రక్తంలో చక్కెర కొంత అదుపులోకి వచ్చింది. మందులు మాత్రం కొనసాగుతున్నాయి. మీరూ నడక ఆరంభించదలిస్తే కొన్ని జాగ్రత్తలు అవసరం. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవారు డాక్టరును అడగకుండా కొండలెక్కరాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున బయలుదేరరాదు. చక్కెర హఠాత్తుగా పడిపోతే అందుకోవడానికి రెండు ఖర్జూరాలు జేబులో ఉండాలి. వానకు తడిసిన రాతిమీద, ఎండకు కాలిన రాతిమీద సాహసం పనికిరాదు. ఎండాకాలంలో మేము కొండ మానేసి, ఫజ్ర్ నమాజు తరువాత చెరువు కట్టతోనే సరిపెట్టుకుంటాము.

మీ ఊళ్లో కొండ లేకపోవచ్చు. కాలువ గట్టో, మామిడి తోటో, రైల్వే స్టేషను దారో ఉంటుంది. ఈ ఆదివారం మీ జీవిత భాగస్వామిని ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఊళ్లో నీవు చూడాలనుకుని ఇంతవరకు చూడని చోటు ఏది? జవాబు విని, అక్కడికి కలిసి నడవండి. వారు ఆగిన చోట మీరూ ఆగండి.

మన సంసారాలలో ప్రేమను, కారుణ్యాన్ని అల్లాహ్ పెంపొందించుగాక. ఆమీన్.