రైలును వెనక నుంచి తోసిందెవరు?

హైదరాబాద్ నుంచి ముంబైకి రైల్లో వెళ్లారా? పుణె దాటి లోనావాలా, ఖండాలా వచ్చేసరికి బోగీలో ఫోన్లన్నీ కిటికీల దగ్గరికి చేరతాయి. సొరంగం, వెలుతురు, మళ్లీ సొరంగం. వానాకాలమైతే జలపాతాలు అదనం. నేనూ ఆ బ్యాచే. ముందు వీడియో, తర్వాతే మిగతావి. ఈ వారం మాత్రం వీడియోలో పడని సంగతులు చెప్తాను.

ఆ చోటు పేరు బోర్ ఘాట్. ఘాట్ అంటే మన కనుమే. దక్కన్ పీఠభూమి ఇక్కడ గోడలా తెగిపోతుంది. కింద కొంకణ్ తీరం. మధ్యలో సహ్యాద్రి కొండలు. ఒకప్పుడు సరుకంతా ఎద్దుల వీపుల మీదే కొండ దిగేది. 1830లో బండ్లు నడిచే రోడ్డు పడింది. కానీ దక్కన్ పత్తి బొంబాయి రేవుకి త్వరగా చేరాలంటే రోడ్డు సరిపోదు, రైలు కావాలి.

మన దేశంలో తొలి ప్యాసింజర్ రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణా దాకా నడిచింది. అది చదునైన నేల. అసలు పరీక్ష ఈ కొండ దగ్గరే. సుమారు 25 కిలోమీటర్ల దారిలో 550 మీటర్లకు పైగా ఎక్కాలి. కొన్నిచోట్ల 37 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి లేవాలి. బైక్‌కి ఇది లెక్కే కాదు. ఇనుప పట్టాల మీద జారే ఇనుప చక్రాలకి మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

1856లో పని మొదలైంది. నల్లరాయిని తొలిచి 25 సొరంగాలు తవ్వాలి. నిలబడే చోటు లేని దగ్గర కూలీలు తాళ్లకు వేలాడుతూ రాయికి రంధ్రాలు వేశారు. వానలొస్తే పని బంద్. కలరా వచ్చిందంటే గుడిసెలకు గుడిసెలే ఖాళీ. పైగా కూలి డబ్బులు సరిగా ఇవ్వలేదని 1859 జనవరిలో కూలీలు తిరగబడ్డారు. ఆ కాంట్రాక్టరు పని వదిలేసి పోయాడు. తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ కొద్దివారాలకే చనిపోయాడు. అప్పుడు అతని భార్య ఆలిస్ కాంట్రాక్టును తన చేతుల్లోకి తీసుకుని, ఇంజినీర్లను పెట్టి పని పూర్తి చేయించింది. 1861 నాటికి అక్కడ 40 వేల మందికి పైగా పనిచేస్తున్నారు. 1863లో లైను తెరుచుకుంది.

ఆలిస్ పేరు పుస్తకాల్లో ఉంది. ఉండాలి కూడా. కానీ రోగాలతో, ప్రమాదాలతో వేలల్లో పోయిన కూలీల పేర్లు? పాత హైవే పక్కన శింగ్రోబా గుడి ఒకటి ఉంది. ఈ కొండల్లో దారి తెల్లవాళ్లకి చూపించింది ఆ గొర్రెల కాపరేననీ, పని అయ్యాక వాళ్లే అతన్ని చంపేశారనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రుజువు సంగతి పక్కనపెట్టండి. దారి వేసినవాళ్లలో ఒక్కరినైనా గుర్తుపెట్టుకోవాలని జనమే కట్టుకున్న గుడి అది.

మొదట్లో మధ్యలో ఒకచోట రైలు ఆగి, ఇంజిన్ అటు నుంచి ఇటు మారి, వెనక్కి తిరిగి ఎక్కాల్సి వచ్చేది. 1929లో కొత్త సొరంగాలతో ఆ బాధ తప్పింది. వాలు మాత్రం తగ్గలేదు. ఇవాళ్టికీ ముంబై నుంచి వచ్చే చాలా రైళ్లకి కర్జత్‌లో వెనక అదనపు ఇంజిన్లు తగిలిస్తారు. అవి కొండపైదాకా తోసి, అక్కడ విడిపోతాయి. ముందు కూర్చున్నవాళ్లకి అవి వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు.

కొండకి ఇంకో పక్క ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. పాలమూరు నుంచి ముంబైకి కూలి పనికి వెళ్లిన తరాలవాళ్లకి కూడా ఈ కనుమ కొత్త కాదు. వాళ్లు కట్టిన బిల్డింగుల మీదా వాళ్ల పేర్లు ఉండవు.

ఈసారి తిరుగు రైల్లో వస్తే కర్జత్‌లో వడాపావ్ కొనుక్కోండి. తింటూ ఒకసారి చివరి బోగీ వైపు కూడా చూడండి.