కేకు తింటారు, కూడు తినరు



క్రిస్మస్ నాడు మా పేటలో వందమందికి వండుతాం. తోటి లెక్చరర్లనూ పిలుస్తాను. వస్తారు. బేకరీ కేకు తింటారు, సీసా నీళ్లు తాగుతారు, సెల్ఫీ దిగుతారు. విస్తరి వేయగానే, కేకు తిన్న నోటితోనే 'ఇవాళ ఉపవాసం' అంటారు. మాంసం తినని వాళ్లకోసం పప్పు, వంకాయకూర వేరే వండినా లేచిపోతారు. అంటే పేచీ కూరతో కాదు, వండిన చేతితో.

కేరళలోని చెరాయిలో 1917లో మిశ్రభోజనం పెట్టినందుకు సహోదరన్ అయ్యప్పన్‌ని 'పులయన్ అయ్యప్పన్' అని వెక్కిరించారు. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని, కులాంతర వివాహాలే అసలు మందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చారు. మన కాలేజీలు ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

శుభాకాంక్షలు చెప్పకపోయినా ఫర్వాలేదు సార్, మా పంక్తిలో కూర్చుని కడుపునిండా తినండి. సమానత్వం మీద సెమినార్ తర్వాత పెట్టుకుందాం.